నాలుక మీది పాచి, చైనా వైద్యుడి మాట

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు జిల్లా. ఆరేళ్ళుగా సింగపూర్‌లో ఉంటున్నాము. నా వయసు 41. ఆరు నెలలుగా విపరీతమైన నీరసం, అరికాళ్ళలో తిమ్మిర్లు. కొంచెం కారం తగిలినా నాలుక మండుతోంది. పక్కింటి చైనీయ పెద్దావిడ తమ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఇక్కడ వాళ్ళను సిన్సే అంటారు. ఆయన రెండు చేతుల నాడీ చూశాడు, నిద్ర, విరేచనం గురించి అడిగాడు, నాలుక చాపమని క్షణాల్లో చూసి ముగించాడు. నాలుక పాలిపోయి ఉబ్బిందనీ, అంచుల మీద పళ్ళ అచ్చులు పడ్డాయనీ, తెల్లటి పూత మందంగా ఉందనీ చెప్పి, ప్లీహం బలహీనమైంది, ఒంట్లో చెమ్మ పేరుకుంది అన్నాడు. నేను రోజూ నాలుక గీసుకుంటానంటే, తన దగ్గరికి వచ్చే రోజున గీసుకోవద్దన్నాడు. 'సి జున్ జి టాంగ్' అనే పొడి ఇచ్చాడు. మావారు భయపడి స్కానింగ్ చేయిస్తే ప్లీహం మామూలుగా ఉందని వచ్చింది. అత్తగారు ఇదంతా బూటకం అంటున్నారు. మేము మాంసాహారం తినము. నేను ఏళ్ళుగా గ్యాస్ మాత్ర, రెండేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. మా తొమ్మిదేళ్ళ బాబు నాలుక మీద కూడా మ్యాపులాంటి ఎర్రటి మచ్చలు వచ్చి పోతుంటాయి. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకురాలు, సింగపూర్

జవాబు: మీరు అడిగింది నాలుక గురించే అయినా, మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపిన మాటలు వేరు. అరికాళ్ళలో తిమ్మిర్లు, కారం తగిలితే నాలుక మంట, మాంసం ముట్టని భోజనం, ఏళ్ళ తరబడి వేసుకుంటున్న గ్యాస్ మాత్ర, ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసినప్పుడు రక్తంలో విటమిన్ బి12 ఎంత ఉందో చూడకుండా ఆలస్యం చేయకూడదు. ఆ పరీక్ష ఈ వారంలోనే చేయించుకోండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. ఈలోగా మీ ఇంట్లో నలుగుతున్న ప్రశ్నకు జవాబు చెబుతాను.

సిన్సే చెప్పిన ప్లీహమూ స్కానింగ్‌లో కనిపించిన ప్లీహమూ ఒకటి కావు. చైనా సంప్రదాయ వైద్యంలో 'పీ' అనే మాటకు అనువాదకులు ప్లీహం అని పెట్టారు గానీ, ఆ వైద్యంలో అది ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే, సెంటీమీటర్లలో కొలవగల ఒక్క అవయవానికి పరిమితమైన పేరు కాదు. తిన్న అన్నాన్ని మార్చి దాని సారాన్నీ నీటినీ ఒళ్ళంతా చేరవేసే పనికి, కండ పుష్టికి, రక్తం నాళాలు దాటి పోకుండా పట్టి ఉంచే శక్తికి అన్నింటికీ కలిపి వాళ్ళు పెట్టుకున్న పేరు అది. ఆ పని మందగిస్తే నీరు సరిగా కదలక ఒంట్లో చెమ్మగా నిలుస్తుందనీ, దానివల్ల ఒళ్ళు బరువు, బద్ధకం, ఆకలి లేకపోవడం, జిగట విరేచనం వస్తాయనీ వాళ్ళ సిద్ధాంతం. ఆయుర్వేదంలో మందాగ్ని అనే భావనకు ఇది దగ్గరగా ఉంటుంది, అయినా రెండూ ఒకటే అని నేను అనను. మనం 'ఒంట్లో వేడి చేసింది' అన్నప్పుడు థర్మామీటరు పెట్టి చూసి ఆ మాట అబద్ధమని తేల్చము కదా. మీరుండే ఊళ్ళో చైనీయులు కూడా కొన్ని తిండ్లను 'హీటీ' అనీ కొన్నింటిని 'కూలింగ్' అనీ అంటారు, మనం వేడి చేసేవి, చలవ చేసేవి అన్నట్టుగానే. కాబట్టి స్కానింగ్ బాగుండడం వల్ల సిన్సే మాట తప్పని తేలలేదు, ఆయన మాట వల్ల మీ ప్లీహానికి జబ్బు ఉందనీ తేలలేదు. మీవారి భయం ఒక అనువాదపు మాట వల్ల పుట్టినదే గనుక దాన్ని ఇక్కడితో వదిలేయమనండి.

ఇక నాలుక. చైనా వైద్యంలో రోగిని పరీక్షించే పద్ధతులు నాలుగు: కంటితో చూడడం, వాసన చూస్తూ గొంతు వినడం, ప్రశ్నలు అడగడం, నాడీ పట్టి చూడడం. నాలుక పరీక్ష మొదటి పద్ధతిలో ముఖ్యమైన భాగం. మీ సిన్సే నాడీ చూసి, నిద్ర గురించీ విరేచనం గురించీ అడిగి, తరువాత నాలుక చూశాడు గనుక తన విద్య ప్రకారం ఆయన చేయవలసినదే చేశాడు. క్షణాల్లో చూపు ముగించడం కూడా నిర్లక్ష్యం కాదు. నాలుకను ఎక్కువసేపు చాపి బిగపట్టి ఉంచితే రక్తప్రసరణ మారి రంగు మారుతుందని, కొద్దిసేపు చూసి, లోపలికి తీసుకోనిచ్చి, అవసరమైతే మళ్ళీ చూడాలని ఆ విద్యార్థులకు నేర్పుతారు. పగటి వెలుగులో చూడాలనీ, కాఫీ, పసుపు, రంగు మిఠాయిల మరకలను రోగలక్షణాలుగా పొరబడకూడదనీ కూడా చెబుతారు. ఈ జాగ్రత్తలు చదివినప్పుడు ఆ విద్య మీద నాకు గౌరవం కలిగింది. అయితే ఫోన్‌లో తీసిన ఒక్క నాలుక ఫొటో చూసి జబ్బు పేరు, మందు పేరు చెప్పే యాప్‌లను నమ్మవద్దు. అది ఆధునిక వైద్యానికీ సరిపోదు, చైనా సంప్రదాయానికీ సరిపోదు.

ఆ వైద్యులు నాలుకను రెండుగా విడదీసి చదువుతారు. ఒకటి నాలుక కండ, రెండోది దాని మీది పూత. ఈ పూతను వాళ్ళు 'తాయ్' అంటారు. ఆ అక్షరానికి అసలు అర్థం నాచు, అంటే తడి రాతి మీద పట్టే పాచి. మన భాషలోనూ నీటి గట్టున జారేదీ పాచే, పొద్దున లేవగానే నోట్లో ఉండేదీ పాచే. రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోకుండానే ఒకే పోలికకు రావడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. తేడా ఏమిటంటే, మనకు పాచి కడిగి పారేయవలసినది. వాళ్ళకు అది చదవవలసినది. తగినంత చెమ్మ ఉన్న నేల మీద పల్చగా నాచు మొలిచినట్టు, జీర్ణశక్తి బాగున్న మనిషి నాలుక మీద పల్చటి తెల్లటి పూత ఉంటుందని వాళ్ళు భావిస్తారు. లేత ఎరుపు కండ, దాని మీద పల్చని తెల్ల పూత, ఇదే వాళ్ళ లెక్కలో ఆరోగ్యవంతుడి నాలుక. పూత బొత్తిగా లేకుండా నున్నగా మెరిసే నాలుకను వాళ్ళు అద్దం నాలుక అంటారు, దాన్ని మందమైన పూత కంటే కూడా గడ్డుగా చూస్తారు. ఆయన మిమ్మల్ని గీసుకోవద్దన్నది ఇందుకే: మీరు గీసుకుని వెళ్తే ఆయన చదవవలసిన పుట చించేసుకుని వెళ్ళినట్టే. వేపపుల్లతో పళ్ళు తోముకుని, దాన్నే చీల్చి నాలుక గీసుకునే అలవాటులో పెరిగిన మనకు ఆ మాట వింతగా తోచడం సహజం. ఆయన దగ్గరికి వెళ్ళే రోజున మానండి, తక్కిన రోజుల్లో మెత్తగా గీసుకోండి. అది నోటి శుభ్రతకు మంచిదే. రక్తం చిమ్మేలా గీసుకోవడం మాత్రం ఏ రోజూ వద్దు.

మీ నాలుక గురించి ఆయన చెప్పిన మాటలను వాళ్ళ భాషలో ఇలా అర్థం చేసుకోవాలి. కండ పాలిపోతే రక్తం గానీ, దేహాన్ని వెచ్చగా కదిలించే శక్తి గానీ తగ్గిందని. ఉబ్బి అంచుల మీద పళ్ళ అచ్చులు పడితే 'పీ' బలహీనపడి నీరు నిలిచిందని. తెల్లటి పూత దట్టమైతే చెమ్మ గానీ చలువ గానీ ఎక్కువైందని. ఇంకొకరి నాలుక ఎర్రబడితే వేడి అనీ, పూత పసుపైతే ఆ వేడి లోపలికి దిగిందనీ, కండ ఊదారంగుకు తిరిగితే రక్తం నిలిచిపోయిందనీ అంటారు. ఆయన ఇచ్చిన పొడి ఈ లెక్కకు సరిపోయేదే.

ఈ విద్యకు నాలుగు గోడల మధ్య కూర్చుని ఎవరో అల్లిన చరిత్ర కాదు ఉన్నది, జ్వరాల చరిత్ర. నాలుక కోసమే ప్రత్యేకంగా రాసిన గ్రంథం చైనాలో యువాన్ వంశ పాలనలో, 1341 ప్రాంతంలో వచ్చింది. ఆవ్ అనే వైద్యుడు గీయించిన పన్నెండు నాలుక బొమ్మలకు దూ బెన్ అనే మరొకాయన ఇంకో ఇరవై నాలుగు చేర్చి ముప్పై ఆరు చేశాడు. అవి చలి సోకడం వల్ల వస్తాయని వాళ్ళు భావించే జ్వరాల లాంటి తీవ్రమైన జబ్బుల్లో వైద్యుడికి దారి చూపడానికి గీసినవి. తరువాత 1667లో పుట్టి 1746లో మరణించిన యె తియాన్‌షి అనే వైద్యుడు అంటుజ్వరాలను పైనుంచి లోపలికి నాలుగు అంచెలుగా విభజించి, జ్వరం ఏ అంచెకు చేరిందో నాలుక రంగును బట్టి చెప్పే పద్ధతిని బలపరిచాడు. తెల్ల పూత పసుపవడం, పసుపు పూత ఎండి నల్లబడడం, ఎర్రటి కండ ముదురెరుపుకు తిరగడం, ఇవన్నీ ఆయనకు రోజురోజుకూ మారే గుర్తులు. థర్మామీటరు గానీ రక్తపరీక్ష గానీ లేని కాలంలో మంచం పక్కన కూర్చుని చేసిన ఈ పరిశీలన చాలా విలువైనది. టైఫాయిడ్‌లో నాలుక మధ్య పూత కట్టి, కొన, అంచులు ఎర్రగా ఉండడాన్ని పాశ్చాత్య వైద్యులూ తమ పుస్తకాల్లో రాసుకున్నారు. మన ఆయుర్వేదం చెప్పే ఎనిమిది పరీక్షల్లోనూ నాడీ, మూత్రం, మలం తరువాత జిహ్వ ఉంది. వాతంలో గరుకుగా పగిలి, పిత్తంలో ఎర్రబడి, కఫంలో తెల్లగా జిగటగా ఉంటుందని అక్కడ చెబుతారు.

అందువల్ల బూటకం అన్న మీ అత్తగారి మాటను నేను ఒప్పుకోను. అలాగని అందులో ఉన్నదంతా నిజమనీ ఒప్పుకోలేను. చైనా వైద్యశాలల గోడల మీద కనిపించే నాలుక పటంలో కొన గుండెకు, దాని వెనక భాగం ఊపిరితిత్తులకు, నడుమ జీర్ణాశయానికీ 'పీ'కీ, అంచులు కాలేయానికీ పిత్తాశయానికీ, మొదలు మూత్రపిండాలకూ చెందినట్టు గీసి ఉంటుంది. నాలుక అంచుకూ కాలేయానికీ అలాంటి సంబంధం ఉందని శరీరశాస్త్రం చూపించలేదు. నాలుక కొన ఎర్రబడిందని గుండె జబ్బు అనుకోవడం ఎంత తప్పో, కొన లేత రంగులో ఉందని గుండెనొప్పిని పట్టించుకోకపోవడం అంతకంటే ప్రమాదం. బడి పుస్తకాల్లో మనమంతా చదువుకున్న రుచుల పటం సంగతి గుర్తుచేసుకోండి. తీపి కొన మీద, చేదు వెనక అని వేరువేరుగా గీసిన ఆ బొమ్మ, 1901లో జర్మనీలో అచ్చయిన ఒక పరిశోధనను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చింది. నిజానికి రుచి మొగ్గలున్న చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి. నాలుక మీద సరిహద్దులు గీయడం తేలిక, వాటిని రుజువు చేయడం కష్టం. పైగా ఒకే నాలుకను వేరువేరు చైనా వైద్యులకు చూపించి పరీక్షించినప్పుడు రంగు, పూతల గురించి వాళ్ళ వర్ణనలు చాలాసార్లు ఒకదానితో ఒకటి కలవలేదు.

ఇప్పుడు అదే నాలుకను నేను చూసే తీరు చెబుతాను. నాలుక మీది పూత అంటే సన్నని దారాల్లాంటి మొనల మధ్య చిక్కుకున్న మృతకణాలు, తిండి తునకలు, సూక్ష్మజీవులు. నోరు తెరిచి నిద్రపోవడం, నీళ్ళు తక్కువ తాగడం, జ్వరం, పొగతాగడం, మెత్తటి తిండి, వీటిలో ఏదైనా పూతను దట్టం చేయగలదు. మీ విషయంలో పూత కంటే నాకు ముఖ్యం పాలిపోయిన రంగు. రక్తహీనతలో నాలుక పాలిపోతుంది. ఇనుము తగ్గినా, బి12 తగ్గినా, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) అనే మరో బి విటమిన్ తగ్గినా నాలుక మొనలు అరిగి నున్నబడి కారానికి మండుతుంది. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులలోనే సహజంగా ఉంటుంది, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి గనుక తిండిలో ఉన్న కొద్దిపాటి బి12 విడివడి ఒంటికి పట్టడం కూడా తగ్గవచ్చు. బి12 లోపం నరాలకు చేరిందనడానికి అరికాళ్ళ తిమ్మిర్లు తొలి గుర్తు కావచ్చు. దాన్ని నెలల తరబడి వదిలేస్తే నరాలకు కలిగిన నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు. అందుకే నాకు ఆత్రుత. ఒక హెచ్చరిక కూడా రాయాలి: మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే కొనుక్కుని మింగవద్దు. అది రక్తహీనతను సరిచేసినట్టు కనిపించి, బి12 లోపం నరాలను దెబ్బతీస్తున్న సంగతిని మరుగుపరచగలదు.

పళ్ళ అచ్చుల విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉండను. నాలుక కొంచెం వెడల్పుగా ఉన్నా, నిద్రలో పళ్ళు బిగపట్టినా ఏ జబ్బూ లేనివారికి కూడా అవి పడతాయి. అయితే థైరాయిడ్ మందగించినప్పుడు నాలుక ఉబ్బి అచ్చులు పడడం, దానితోపాటు నీరసం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం కలుగుతాయి గనుక బి12తోపాటు రక్తకణాల లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు), చక్కెర పరీక్షలు కూడా ఒకేసారి చేయించండి. గురక బాగా ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని అడగండి, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు.

పొడి సంగతికి వస్తే, 'సి జున్ జి టాంగ్' అంటే నలుగురు సజ్జనుల కషాయం అని అర్థం. సోంగ్ వంశపు కాలం నుంచి వాడుకలో ఉన్న పాత మందుల కూర్పు. జిన్సెంగ్ లేదా దాని బదులు వాడే మరో వేరు, బైజు అనే వేరు, పైన్ చెట్ల వేళ్ళ మీద పెరిగే ఫూలింగ్ అనే శిలీంధ్రం, మన అతిమధురం జాతికి చెందిన వేరు, ఇవి ఆ నలుగురు. పేరు సజ్జనులదే అయినా, అతిమధురాన్ని మోతాదు మించి లేదా ఎక్కువ రోజులు తీసుకుంటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. మీరు బీపీ మాత్ర వేసుకుంటున్నారు. కాబట్టి ఆ పొడి ప్యాకెట్‌ను మీ బీపీ చూసే డాక్టరుకు చూపించి, ఆయన సరేననేదాకా ఆపి ఉంచండి. సిన్సేకి కూడా మీ మాత్రల పేర్లు చెప్పండి. రిజిస్టరైన వైద్యుడైతే ఆయనే మొదట అడగవలసింది. సింగపూర్‌లో 2000లో చేసిన చట్టం ప్రకారం చైనా వైద్యం చేసేవారు బోర్డు దగ్గర నమోదై ఉండాలి, ఆయన పేరు అందులో ఉందో లేదో చూసుకోవడం మీ హక్కు. మూలికే కదా ఏమవుతుందిలే అనుకోవద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన వందమంది దాకా స్త్రీలకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న మరో మూలిక కలవడం దానికి కారణం. ఆ రెండో మొక్కలో మూత్రపిండాలను పాడుచేసే అరిస్టలోకిక్ ఆమ్లం ఉంది. మన ఊళ్ళలో ఈశ్వరి వేరు, గాడిదగడపాకు అని పిలిచే మొక్కలూ ఆ జాతివే గనుక ఇంటి నుంచి వచ్చే పార్సిళ్ళలోని నాటు మందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త తీసుకోండి.

మీ బాబు గురించి బెంగ వద్దు. మ్యాపులా చోట్లు మారే ఎర్రటి మచ్చలు, వాటి చుట్టూ తెల్లటి గీత ఉంటే అది చాలామంది పిల్లల్లో కనిపించే మామూలు పరిస్థితి. నూటికి ఒకరి నుంచి ముగ్గురిలో దీన్ని చూస్తాము. అంటుకునేది కాదు, మందు అక్కరలేదు. పులుపు, కారం తగిలినప్పుడు మండితే ఆ రోజులకు తగ్గించండి. చైనా వైద్యులు దీన్ని పూత ఊడిన నాలుక అంటారు, జీర్ణాశయంలో చలవ తగ్గిందని చెబుతారు. ఆ పేరు చెప్పి పిల్లవాడికి ఎవరైనా కషాయం ఇస్తామంటే వద్దనండి. జ్వరంతో కలిసి నాలుక మొత్తం స్ట్రాబెర్రీలా ఎర్రబడితే అది వేరే సంగతి, అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఈ పత్రిక చదివే తక్కినవారి కోసం కొన్ని మాటలు కలుపుతున్నాను. తుడిస్తే పోని తెల్ల మచ్చ, ఎర్రటి మచ్చ, చేతికి గట్టిగా తగిలే గడ్డ, రెండు వారాలు దాటినా మానని పుండు, ఇవి నాలుక మీద ఉన్నా బుగ్గ లోపల ఉన్నా ఏ సంప్రదాయం ప్రకారమూ పేరు పెట్టుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించాలి. గుట్కా, ఖైనీ, వక్క నమిలేవారు మరీ ముఖ్యంగా చూపించాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్లు ఎక్కువగా రావడం వైద్యులు దశాబ్దాల కిందటే గుర్తించారు. అలాంటి పెద్దవారు ఇంట్లో ఉంటే నాలుకతోపాటు నోటి పైకప్పును కూడా టార్చి వేసి చూడండి. నాలుక ఉన్నట్టుండి ఒక పక్కకు లాగేసి మాట ముద్దగా వస్తే, అది పక్షవాతం కావచ్చు, మన రాష్ట్రాల్లో 108కి, మీరుండే చోట 995కి వెంటనే ఫోన్ చేయాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడేవారికి నాలుక, పెదవులు అకస్మాత్తుగా వాస్తే అదీ అంతే అత్యవసరం. మీ బీపీ మాత్ర ఏదో ఉత్తరంలో రాయలేదు గనుక దాని డబ్బా మీద పేరు ఒకసారి చూసుకోండి.

రక్తపరీక్షల ఫలితాలు వచ్చాక వాటిని మీ డాక్టరుతో చర్చించి, బి12 తక్కువని తేలితే సూదిమందా, మాత్రలా, ఎన్నాళ్ళు అన్నది ఆయననే నిర్ణయించనివ్వండి. వైద్యం మొదలైన రోజున పొద్దున్నే ఏమీ తాగకముందు, కిటికీ దగ్గర పగటి వెలుగులో, నాలుక గీసుకోకుండా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. నెలకొకసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు మళ్ళీ తీయండి. నాలుక రంగు తిరిగిరావడం, మంట తగ్గడం చాలామందిలో కొద్ది వారాల్లోనే మొదలవుతుంది, తిమ్మిర్లు తగ్గడానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ ఫొటోలను మీ డాక్టరుకు చూపించండి, కావాలంటే సిన్సేకి కూడా చూపించండి.